గని కూతయు కల్లుమండువయు

మా తాత తాళ్లెక్కెడివాడు. మా తండ్రి బొగ్గు నింపెను. ఈ రెండు పనులకు నడుమ గడచినది ఒక్క తరము మాత్రమే. కాని ఆ తరములోనే మా రామగుండము ప్రాంతమున కల్లుమండువ యను ప్రాతకాలపు సంస్థ క్షీణించి, దానిచోట సీసాల దుకాణము వెలసినది. ఆ మార్పు ఏ కారణములచేత కలిగెనో ఈ సాయంకాలము మీకు మనవి చేయదలచితిని. త్రాగుడును పొగడుటకు నేను రాలేదని ముందుగనే చెప్పుకొనవలసి యున్నది. ఈ విషయమెత్తినంతనే మిత్రులు కొందరు నావైపు అనుమానముగా చూచుట నాకు అలవాటైపోయినది.

మండువ ననగా ఎరుగని శ్రోతలకొరకు కొంచెము వివరించెదను. ఊరి వెలుపల, తాటివనమునకు చేరువగా, చింతచెట్టు నీడనో తాటాకుపందిరి క్రిందనో చదునుచేసిన నేల. అంతకుమించిన కట్టడ మక్కరలేదు. గౌడు తెల్లవారుజామున మోకు ముత్తాదులతో చెట్టెక్కి, గెలకొనను కత్తితో పలుచగా గీసి, రాత్రి నిండిన లొట్టిని దించును. సాయంకాలము మరల ఎక్కును. పోతుతాడు, పరుపుతాడు, పండుతాడు అని తాళ్లలో భేదములు కలవు. ఒకటి ఆగిన వేళకు మరియొకటి పారును. అవి వట్టిపోయిన కాలమున ఈతచెట్టు ఉండనే యున్నది. త్రాగువారు తాటిరేకనో మోదుగదొప్పనో రెండుచేతుల పట్టి కూర్చుండగా గౌడు లొట్టిని వంచును. ప్రక్కన గుడాలు ఉడికించి తెచ్చిన ముసలమ్మ కూర్చుండును. నాట్లు వేసి వచ్చిన కూలి స్త్రీలును అచ్చటికి వత్తురు, ఒకవైపున కూర్చుండి త్రాగుదురు, కష్టసుఖములు చెప్పుకొందురు. కోస్తా జిల్లాల శ్రోతలకు ఇది వింతగా తోచవచ్చును గాని తెలంగాణమున ఇది దోషముగా నెవ్వరును ఎంచలేదు.

కల్లునకు ఒక గుణము కలదు. నేను చెప్పబోవు కథకంతకు అదియే మూలము. అది నిలువ యుండదు. ఉదయము తీయగా నున్నది మధ్యాహ్నమునకు పులియును, మరునాటికి నోట పెట్టరానిదగును. దానిని గిడ్డంగిలో దాచుటకు వీలులేదు, బండ్లమీద దూరదేశముల కంపుటకును వీలులేదు. కనుక ప్రతి మండువకును దాని చెట్లు వేరు, దాని గౌడు వేరు, దాని రుచియు వేరు. మా తాత కాలమున ఫలానా గట్టు తాళ్ల కల్లు మంచిదని, ఫలానా చెరువుకట్ట క్రింది ఈతకల్లు తలనొప్పి తెచ్చునని, బావినీళ్లను గూర్చి చెప్పుకొనునట్లే చెప్పుకొనెడివారు. పైకము చేతలేనివారికి గోడమీద బొగ్గుగీతలతో పద్దు నడచెడిది. పంట చేతికి వచ్చినప్పుడు వడ్లతోనో జొన్నలతోనో తీరెడిది. అప్పు పెట్టువాడు ఎవనికెంత పోయవలెనో చూచుకొనకుండునా? తాహతుకు మించి త్రాగినవాని పద్దు తీరదని వానికి తెలియును. అందుచేత గౌడు పోయుట యెరిగినట్లే పోయకుండుటయు నెరిగియుండెను.

ఇట్లనుటచే అది సత్యయుగమని తలంపవలదు. నిజాము ప్రభుత్వమున ఆబ్కారీ రాబడి ఖజానాకు పెద్ద ఆధారములలో నొకటి. రైతుపొలములో మొలిచిన తాటిచెట్టైనను దాని కల్లుమీది హక్కు సర్కారుదే. ఆ హక్కును వేలమున పాడుకొన్న గుత్తదారుని మా వైపు ముస్తేదారనిరి. ప్రాణములకు తెగించి చెట్టెక్కువాడు గౌడు, లాభమెంచుకొనువాడు ముస్తేదారు. జారిపడి నడుము విరిగినవారు ప్రతి యూరను ఒకరిద్దరుండెడివారు. అందుకే 1946 మొదలు 1951 వరకు సాగిన తెలంగాణ రైతాంగ పోరాటములో గీతపనివారు వెనుదీయలేదు. తరువాతి కాలమున బొమ్మగాని ధర్మభిక్షము వంటి నాయకులు వారిని సంఘములుగా కూర్చిరి. సహకారసంఘములకు చెట్ల నిచ్చు పద్ధతియు వచ్చెను. ఆంధ్రజిల్లాల సంగతి వేరు. మద్రాసు ప్రభుత్వపు మద్యనిషేధము అచ్చట అమలులో నుండెను. ఆంధ్రరాష్ట్రపు మొదటి మంత్రివర్గము, ప్రకాశముపంతులుగారిది, 1954 నవంబరులో పడిపోయినది ఈ నిషేధపు తగవుమీదనే, అదియు ఒక్క వోటు తేడాతో! కల్లుముంత తేలికైన వస్తువని తలంచువారు ఈ సంగతి జ్ఞాపకముంచుకొందురు గాక.

ఇక బొగ్గు. 1871లో భూగర్భశాస్త్రజ్ఞుడు విలియం కింగు ఇల్లెందు పరిసరముల బొగ్గు నెలవును కనిపెట్టెను. 1886లో ఒక ఆంగ్లేయ కంపెనీ త్రవ్వుకొను హక్కు సంపాదించెను. 1889లో బొగ్గు పైకి వచ్చెను. 1920లో అది సింగరేణి కాలరీస్ కంపెనీయైనది. 1945లో నిజాము ప్రభుత్వము వాటాలలో అధికభాగమును కొని వశపరచుకొన్నది. ఇవన్నియు దక్షిణమున జరిగిన సంగతులు. మా గోదావరి యొడ్డున గనులు తెరచినది 1960ల తొలినాళ్లలో. అంతకుముందు రామగుండమనగా కాజీపేట–బల్లార్షా రైలుమార్గమున ఒక స్టేషను, చుట్టును పల్లెలు, అడవి. గోదావరిఖని యను పేరే గనితో పుట్టిన పేరు. పిమ్మట థర్మల్ విద్యుత్కేంద్రము, ఎరువుల కర్మాగారము, ఎన్.టి.పి.సి. వారి పెద్ద విద్యుత్కేంద్రము ఒకదానివెంట నొకటి వచ్చినవి. కరీంనగరు, వరంగల్లు, ఆదిలాబాదు పల్లెలనుండి జనులు పనికొరకు తరలివచ్చిరి. మా తండ్రియు తట్ట, చెమ్మసు చేతబట్టి కోల్‌ఫిల్లరుగా బాయిలో దిగెను. మా వైపు గనిని ‘బాయి’ యందురు. నీళ్లకొరకు త్రవ్విన దానికిని, బొగ్గుకొరకు త్రవ్విన దానికిని మా వారికి ఒక్కటే మాట.

చెట్టునకు రెండు వేళలు, బాయికి మూడు షిఫ్టులు. కల్లుమండువ మా పట్టణమున ఏల నిలువలేదని ఎవరైన నన్నడిగినచో మొదట నేను చెప్పునది ఈ సంగతి. రాత్రి షిఫ్టు చేసినవాడు తెల్లవారి పైకి వచ్చుసరికి గౌడు లొట్టి దించుచుండును. వానికి చిక్కు లేదు. మొదటి షిఫ్టువానికి సాయంకాలపు కల్లు దొరకును. రెండవ షిఫ్టువాడో? వాడు పైకి వచ్చుసరికి ఊరు నిదురించుచుండును. ఒడలంతయు మసి, కండ్లలో బొగ్గుధూళి. వానికొరకు ఏ చెట్టు పారును? ఏ గౌడు అర్ధరాత్రి మోకు బిగించును? సారాకు వేళ లేదు. అది ఉదయమైనను అర్ధరాత్రియైనను ఒక్కతీరున నుండును. షిఫ్టులు వారమువారము మారుచుండగా కార్మికుడు తన త్రాగుడును గని కూతకు సరిపుచ్చుకొనెనే గాని చెట్టునకు సరిపుచ్చుకొనలేకపోయెను.

రెండవ కారణము లెక్క. తాటిచెట్టు గీతకు వచ్చుటకు పది పదునైదేండ్లు కావలెను. కార్మికులు పదేండ్లలో వేలకువేలు వచ్చిరి. పైగా 1970లలో ఉపరితల గనులు మొదలైన పిదప నేలనే ఎత్తిపోయ నారంభించిరి. తాటివనములు మట్టిగుట్టల క్రిందికి పోయినవి. మా తాత యెక్కిన తాళ్లు నిలిచిన చోట ఇప్పుడొక గొయ్యి కలదు. దాని యడుగున లారీలు అగ్గిపెట్టెలవలె కనబడును.

చెట్లు తక్కువై త్రాగువారు ఎక్కువైనప్పుడు ఏమి జరుగునో ఊహించుట కష్టము కాదు. మొదట నీళ్లు, సాకరీను. పిదప క్లోరల్ హైడ్రేటు. ఆ పిదప డైజిపాము, ఆల్ప్రాజోలాము వంటి నిద్రమందులు. కల్లుగాని కల్లునకు అలవాటుపడిన దేహము, అది దొరకనిరోజున వణకి, పిచ్చిగా మాటలాడి, ఆసుపత్రి పాలగుట తెలంగాణపు డాక్టర్లకు నిత్యానుభవమైనది. హైదరాబాదు నగరమున 2004లో మూసివేసిన కల్లుదుకాణములను 2014లో మరల తెరచిరి. 2025 జూలైలో అదే నగరపు కూకట్‌పల్లి ప్రాంతమున కల్తీకల్లు పలువురి ప్రాణములను తీసినది. కనుక మండువ అన్యాయముగా చంపబడినదని నేనన్నచో అది సగము నిజము మాత్రమే. దాని పేరును చెరచినవారిలో దాని యింటివారును ఉన్నారు.

సారా సంగతికి వచ్చెదను. ఇది ప్రభుత్వము వేలమువేసి గుత్తదారులచే అమ్మించిన సరకు. తాటిచెట్లను లెక్కించుట, వానికి నంబరు వేయుట, ఏది పారునో ఏది పారదో చూచుట ఆబ్కారీవారికి ఎంత శ్రమ! సారా పీపాలను లెక్కించుట ఎంత సుళువు! 1980ల నడుమ ‘వారుణివాహిని’ యను పేరున ప్లాస్టికు పొట్లములలో సారా వచ్చిన పిదప లెక్క మరింత సుళువైనది, మోయుటయు సుళువైనది. పాలపొట్లమువలె జేబులో నిముడు మద్యమును మా తాత కలనైన ఎరుగడు. ఆంధ్రప్రదేశ ప్రభుత్వమునకు మద్యముమీద వచ్చిన రాబడి 1970-71లో 39 కోట్ల రూపాయలు. 1991-92లో 812 కోట్లు. ఈ రెండంకెల నడుమ మా బాల్యమంతయు కలదు.

ఆ బాల్యమునుండి ఒక చిన్న సంగతి. మా తండ్రి మొదటి సంవత్సరములలో క్యాంపు వెలుపల మిగిలియున్న యొక మండువకు పోయెడివాడు. అచ్చటి గౌడు మా తల్లికి దూరపు చుట్టము, వరుసకు అన్న. పిల్లల బడిఫీజు కట్టవలసిన నెలలో ఆమె పోయి దూరమున నిలిచి, “అన్నా, ఇయ్యాల ఇగ పొయ్యకు. పోరగాండ్ల ఫీజు గట్టేదున్నది” అనెడిది. అతడు తల యూపెడివాడు. మా తండ్రి ఆ సాయంకాలము అలిగి, గొణుగుకొనుచు ఇంటికి వచ్చెడివాడు. కాని వచ్చెడివాడు, జేబులో పైకముతో వచ్చెడివాడు. తరువాత ఆ మండువ పోయినది. చౌరస్తా దగ్గర సారాదుకాణము వచ్చినది. కమ్మీల వెనుక నొకడు కూర్చుండి పైకము తీసికొని పొట్లము చేతబెట్టెడివాడు. జీతముల దినమున మా తల్లి నన్ను వెంటబెట్టుకొని అచ్చటికి పోయెను. కమ్మీలలోనుండి చూచి, “అన్నా” అని పిలిచెను. లోపలివాడు ఎవరితోనో లెక్క చూచుకొనుచు, “ఎన్ని?” అని అడిగెను. ఆమె మారుమాటాడక నా చేయి పట్టుకొని తిరిగి వచ్చెను. వాడు చెడ్డవాడని నేననను. వానికి మా తండ్రి యెవరో తెలియదు, తెలిసికొనుట వాని పనియు కాదు.

ఇట్టి తల్లులు రాష్ట్రమంతటను ఉండిరి. 1992 ప్రాంతమున నెల్లూరుజిల్లా దూబగుంటలో స్త్రీలు సారాదుకాణమునకు అడ్డునిలిచిన సంగతి లోకవిదితము. తెలంగాణ పల్లెలలోను బొగ్గుగనులలోను అంతకుముందే పీపుల్స్‌వారు పక్షము, దాని అండనున్న సింగరేణి కార్మిక సమాఖ్య సారాకు వ్యతిరేకముగా పనిచేసియుండెను. వారి మార్గమునుగూర్చి ఎవరి యభిప్రాయము వారిది. 1993 అక్టోబరు 1వ తేదీనుండి రాష్ట్రమంతట సారా నిషిద్ధమైనది. 1995 జనవరిలో ఎన్.టి. రామారావుగారి ప్రభుత్వము ఇతర మద్యములను కూడ నిషేధించెను. కల్లును మాత్రము విడిచిపెట్టెను. ఆ రెండేండ్లు మండువకు మరల జీవము వచ్చునని మా వైపు కొందరాశించిరి. జనులు వచ్చిరి గాని చెట్లు ఏవి? 1997లో నిషేధము తొలగెను. పొట్లముల సారా తిరిగి రాలేదు. దాని యాసనమున సీసా కూర్చుండినది.

సీసాదుకాణముల నిర్మాణము విచిత్రమైనది. ఒక్కొక్క దుకాణమునకు ఒక్కొక్క యజమాని. చీట్లు తీసి లైసెన్సు లిత్తురు. 2023లో తెలంగాణమున 2,620 దుకాణములకు లక్షా ముప్పదివేలకు పైగా దరఖాస్తులు పడినవి. దరఖాస్తు నొకటికి తిరిగిరాని రుసుము నాడు రెండులక్షలుగా నుండెను. యజమానులు ఇందరైనను సరకు మాత్రము ఒక్క తావునుండియే రావలెను. 1986లో ఆంధ్రప్రదేశమున ఏర్పడిన బెవరేజెస్ కార్పొరేషను, 2014 తరువాత తెలంగాణపు కార్పొరేషను, టోకు వర్తకమంతయు తమచేత నుంచుకొన్నవి. అదే సీసా, అదే చీటి, అదే ధర, ఆదిలాబాదునుండి ఆలంపురమువరకు. పేరుకు వేల దుకాణములు. నడతకు ఒక్క దుకాణమే.

ఈ సందర్భమున ఆంగ్లదేశపు ముచ్చట యొకటి జ్ఞాపకము వచ్చుచున్నది. అచ్చటి గనికార్మికులకును ఊరూర ‘పబ్బు’లుండెడివి, దాని యజమానికి ప్రతివాని పేరును, వాని కుర్చీయును తెలిసియుండెడిది. 1979లో ఉత్తర లండనునందు టిమ్ మార్టిన్ అనునతడు, తరువాత వెదర్‌స్పూన్ అని పేరుపొందిన పానశాలలలో మొదటిదానిని తెరచెను. నేడవి వందల సంఖ్యలో నున్నవి. పాడుపడిన సినిమాహాళ్లను, బ్యాంకు భవనములను కొని, సరకు భారీగా కొని, ప్రక్కవానికంటె చౌకగా అమ్ముదురు. ఊరిపబ్బులు మూతపడుటకు అవియే కారణమని అనేకులు వగచుచుందురు. విచారించి చూచినచో ఊరిపబ్బు కూడ పూర్తిగా స్వతంత్రమైనది కాదు. బీరు కాచు కంపెనీలకు బద్ధమై వారు చెప్పిన ధరకు కొనవలసినదే. మా గౌడునకు ముస్తేదారు ఎట్లో ఆ పబ్బునకు బీరు కంపెనీ అట్లు. అంగళ్లలో చౌకబీరు దొరకుట, 2007లో పొగత్రాగుట నిషేధించుట మున్నగు కారణములును కలవు. కాని వెదర్‌స్పూన్‌వారు కూర్చుండుటకు బల్లయు కుర్చీయు వేసిరి, భోజనము పెట్టుదురు, స్త్రీలును ముసలివారును నిస్సంకోచముగా పోవుదురు. మా దుకాణము ప్రక్కన ‘పర్మిటు రూము’ అని యొక గది యున్నది. అందు నిలుచుండి, ప్లాస్టికు గ్లాసులో పోసికొని, గడియలో ముగించి పోవలెను. గుడాల ముసలమ్మకును నాట్లువేసి వచ్చిన కూలిస్త్రీకిని అందు తావులేదు.

‘బెల్టుషాపు’ అను మాట కూడ మీరు వినియుందురు. లైసెన్సుదుకాణమునుండి సీసాలు తెచ్చి, ధర పెంచి, కిరాణాకొట్టు వెనుకనో ఇంటి వసారాలోనో అమ్ము చట్టవిరుద్ధపు అంగడి. బొగ్గుబెల్టులో బెల్టుషాపులని మావారు హాస్యమాడుకొందురు. హాస్యము ప్రక్కన బెట్టినచో, పాత మండువ లక్షణములు ఒకటిరెండు ఈ దొంగ అంగడిలోనే మిగిలినవని నా యనుమానము: అమ్మువాడు వాడవాడే, అప్పు దొరకును, అర్ధరాత్రి తలుపు తట్టినను పలుకును. లేనిదొక్కటే. వాడు చాలునని ఎన్నడును అనడు.

2021లో తెలంగాణ ప్రభుత్వము మద్యపు దుకాణములలో నూటికి పదునైదు గౌడులకు కేటాయించినది. చెట్టు పోయినవానికి సీసా యిచ్చుట న్యాయమా, పరిహాసమా యని మా బంధువులలోనే రెండు పక్షములున్నవి. నేనేమో రెండులక్షల రుసుము కట్టగల గీతకార్మికుని ఇంతవరకు చూడలేదు. 2024లో చెట్టెక్కువారు జారిపడకుండ ‘కాటమయ్య రక్షణ కవచము’ అను పరికరముల నిచ్చిరి. ఆ సామగ్రి మా తాతకు ఉండియుండినచో ఆయన కడపటి పదేండ్లు మంచమున గడపియుండడు.

సింగరేణిలో 1990ల మొదట లక్షకు మించిన కార్మికులుండిరి. నేడు నలుబదివేలకు అటునిటు. మా తండ్రి విశ్రాంతి తీసికొని చాలకాలమైనది. మొన్న వేసవిలో, తెల్లవారుజామున కల్లు త్రాగవలెనని ఆయనకు బుద్ధిపుట్టినది. మోటారుసైకిలు వెనుక కూర్చుండబెట్టుకొని గోదావరి దాటించి, ఆవలి యొడ్డున ఇంకను తాళ్లు నిలిచియున్న యొక పల్లెకు తీసికొనిపోతిని. ఇరువదియైదేండ్ల పడుచువాడు లొట్టి దించి తెచ్చెను. ఆయన రేక పట్టెను; చేతులు వణకుటచే నేను క్రిందనుండి పట్టుకొంటిని. ఒకటి త్రాగెను, రెండవది త్రాగెను. మూడవదానికి రేక చాచగా పిల్లవాడు, “ఇగ చాలు తాతా, ఎండ ముదురుతున్నది. ఇంటికి పో” అనెను.

“పైసలిస్తనంటున్న గదరా!” అని మా తండ్రి కసరెను.

పిల్లవాడు నవ్వి, లొట్టిని తన వెనుకకు జరుపుకొనెను.